మూడంతస్తుల కేకుకు డవెల్ కర్రలు కోయడం: ముందు ఆది కర్ర, తరువాతే మిగిలినవి

రాజాంలో ఇంటి దగ్గరే కేకులు చేస్తున్నారని, మొదటిసారి ఒప్పుకున్న మూడంతస్తుల కేకు రిసెప్షన్ మొదలయ్యేలోపే ఒక పక్కకు వాలిపోయిందని, పై అంతస్తుల బరువు మోయడానికి కేకులో నిలువుగా దించే డవెల్ కర్రలు ఎనిమిది పెట్టినా ఇలా ఎందుకు జరిగిందో అర్థం కాలేదని మీరు రాశారు. వచ్చే నెలలో 10, 8, 6 అంగుళాల కేకును శ్రీకాకుళం చేర్చవలసి ఉందని, ఈసారి కర్రల సంఖ్య పన్నెండుకు పెంచితే సరిపోతుందా అని అడిగారు. విజయనగరంలో పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కనుక నిర్మొహమాటంగా చెబుతున్నాను, సంఖ్య పెంచినంత మాత్రాన కేకు నిలబడదు. మీ ప్రశ్న మధ్యలో ‘ప్రతి కర్రనూ గుచ్చి, క్రీము పైకి కనిపించిన మేరకు అక్కడికక్కడే కత్తిరించాను’ అని ఒక వాక్యం ఉంది. మీ కేకు వాలడానికి కారణం ఆ వాక్యంలోనే ఉంది.

ముందుగా బరువుల లెక్క చూద్దాం. 8 అంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల ఎత్తు ఉన్న కేకు క్రీముతో కలిపి రమారమి రెండు కిలోలు తూగుతుంది, అదే ఎత్తులో 6 అంగుళాలది కిలోకు కొంచెం పైన ఉంటుంది. అంటే మీ అడుగు అంతస్తు మీద మూడు కిలోలకు పైగా బరువు పడుతుంది. దానిని ఆరు కర్రలకు పంచితే ఒక్కొక్కదాని వంతు అర కిలో పైచిలుకు, ఆరు మిల్లీమీటర్ల లావున్న కర్రకు అది లెక్కలోకి రాని బరువు. అందుకే కర్ర విరిగి కేకు కూలడం నేను ఇంతవరకు చూడలేదు. కర్రలు పొట్టి పొడుగులు కావడం వల్లనో, నిటారుగా దిగకపోవడం వల్లనో వాలిన కేకులను మాత్రం చాలా చూశాను, వాటిలో నా చేతి కేకులు కూడా ఉన్నాయి.

1947లో అప్పటి యువరాణి ఎలిజబెత్ పెళ్లికి తొమ్మిది అడుగుల ఎత్తున నాలుగు అంతస్తుల కేకు చేశారు. అటువంటి పాత ఫోటోలను చూపించి, అంతస్తుల మధ్య స్తంభాలు కావాలని అడిగే పెళ్లివారు ఇప్పటికీ వస్తుంటారు. ఆ పెళ్లి కేకు ఎండుపళ్లు దట్టించిన గట్టి ఫ్రూట్ కేకు, దాని పైపూత ఆరాక రాయిలా బిగిసే రాయల్ ఐసింగ్. మన వెనిలా స్పాంజికి, విప్డ్ క్రీముకు ఆ సత్తువ లేదు. మన కేకులో పై అంతస్తు బరువును కింది కేకు బొత్తిగా మోయకూడదు. పై అంతస్తు కింద ఉన్న బోర్డు కర్రల తలల మీద ఆనాలి, ఆ కర్రల కాళ్లు అడుగు బోర్డు మీద ఆనాలి, కేకు వాటి మధ్య ఊరికే కూర్చుని ఉండాలి.

ఇల్లు కట్టే మేస్త్రి నేల ఎగుడుదిగుడుగా ఉన్నా స్తంభాల తలలన్నింటినీ ఒకే మట్టానికి తెస్తాడు, ఎందుకంటే శ్లాబు ఆనేది ఆ తలల మీదనే. కేకులో మన పని అంతకంటే తేలిక. అడుగున ఉన్న బోర్డు చదునైనది కాబట్టి, కర్రలన్నీ ఒకే పొడవున ఉంటే తలలు వాటంతట అవే ఒక మట్టానికి వస్తాయి. మీరు ప్రతి కర్రనూ దాని చుట్టూ ఉన్న క్రీము ఎత్తుకు కత్తిరించారు. కేకు పైభాగం ఒక వైపు అర సెంటీమీటరు పల్లంగా ఉంటే ఆ వైపు కర్రలు కూడా అర సెంటీమీటరు పొట్టివయ్యాయి, క్రీములో కంటికి ఆనని వాలు కర్రల్లోకి దిగి పై అంతస్తుకు శాశ్వతమైన వాలుగా స్థిరపడింది. కర్రలు ఆరు అంగుళాల వ్యాసం ఉన్న వలయంలో నిలిచాయనుకుంటే అది సుమారు 150 మిల్లీమీటర్లు, అంత దూరంలో 5 మిల్లీమీటర్ల తేడా అంటే ప్రతి 30 మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు వాలు. దాని మీద మిగిలిన రెండు అంతస్తులు కలిపి తొమ్మిది అంగుళాల ఎత్తు నిలబెడితే శిఖరం ఏడెనిమిది మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. అక్కడితో ఆగితే ఫోటోగ్రాఫరుకు తప్ప మరెవరికీ తెలియకపోవచ్చు, కానీ అది అక్కడితో ఆగదు. మన కోస్తా ఉక్కపోతలో క్రీము మెత్తబడే కొద్దీ బోర్డు ఆ వాలు వెంబడి జారడం మొదలుపెడుతుంది, బరువు పొట్టి కర్రల వైపుకు చేరుతుంది, అవి కూడా పక్కకు ఒరుగుతాయి. రిసెప్షన్ మొదలయ్యేలోపు మీరు చూసినది అదే.

దర్జీకి బట్ట ఇచ్చేటప్పుడు ఆది జాకెట్టు ఇస్తాం కదా, డవెల్ కర్రలకు కూడా అటువంటి ఆది ఒకటి కావాలి. ఒక్కొక్క అంతస్తుకు ఒక్కొక్క ఆది కర్ర తయారు చేసుకుని, ఆ అంతస్తులోని మిగిలిన కర్రలన్నింటినీ దానితోనే కొలవాలి. ఒకదాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది కోసుకుంటూ పోతే ప్రతిసారీ అర మిల్లీమీటరు చొప్పున పెరిగి, ఆరో కర్ర దగ్గరకు వచ్చేసరికి రెండు మూడు మిల్లీమీటర్లు తేలుతుంది. ఇది నాకు మా వీధి చివర తలుపులు చేసే వడ్రంగి చెప్పిన మాట. ఆయన కొలిచిన మొదటి చెక్క మీద పెన్సిలుతో గుర్తు పెట్టి పక్కన ఉంచుకుంటారు, పని పూర్తయ్యేదాకా దానిని దేనికీ వాడరు.

ఆది కర్రను ఎప్పుడు కొలవాలన్నది ఎలా కొలవాలన్నంత ముఖ్యం. పొరలు పేర్చి, క్రీము పూసిన వెంటనే కొలవకండి. కొత్తగా నింపిన కేకు తన బరువుకు తానే కొన్ని గంటలపాటు కుంగుతుంది, పొరల మధ్య జామో మెత్తని క్రీమో ఎక్కువగా ఉంటే ఇంకా కుంగుతుంది. ముందే కొలిచి కోస్తే మరునాటికి కర్రల తలలు క్రీము పైకి పొడుచుకు వచ్చి, రెండు అంతస్తుల మధ్య సందు కనిపిస్తుంది. నేను పొరలు పేర్చి పలుచని మొదటి పూత వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను, ఉదయం చివరి పూత వేసి మళ్లీ గట్టిపడనిచ్చి అప్పుడు కొలుస్తాను. అసలు అంతకంటే ముందే, స్పాంజి పైన ఉబ్బిన భాగాన్ని రంపంలా పళ్లున్న కత్తితో చదును చేసి, పొరలు పేర్చాక రసమట్టం పెట్టి చూడాలి. కేకుల పనికి విడిగా ఉంచుకున్న చిన్న రసమట్టం నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, దానిని ప్లాస్టిక్ కవరులో చుట్టి బోర్డు మీద పెట్టి చూస్తాను.

ఇక కొలిచే విధానం. కేకును టర్న్‌టేబుల్ (తిరిగే పీట) మీద పెట్టి, కంటిని కేకు అంచు ఎత్తుకు దించి నెమ్మదిగా తిప్పితే ఎక్కడ అన్నిటికంటే ఎత్తుగా ఉందో తెలుస్తుంది. పై అంతస్తు కూర్చునే వలయంలోపల ఉన్న ఆ ఎత్తైన చోటే, కొంచెం పొడవుగా ఉంచుకున్న శుభ్రమైన కర్రను నిటారుగా దించండి. అడుగు బోర్డు తగిలిన స్పర్శ చేతికి తెలుస్తుంది, తెలిసిన తరువాత కూడా ఒకసారి గట్టిగా నొక్కండి, ఎందుకంటే కింది పొర స్పాంజి కొంచెం కాలి గట్టిగా ఉంటే అదే బోర్డు అనుకుని మోసపోయే అవకాశం ఉంది. క్రీము ఉపరితలం దగ్గర కర్ర మీద గోటితో గీత గీసి, బయటకు తీసి, తుడిచి, అదే గీత మీద సన్నని పెన్సిలుతో చుట్టూ గుర్తు పెట్టుకోండి. ఎత్తైన చోట కొలవడానికి కారణం ఉంది. పల్లంలో కొలిచి అన్నీ అంతే కోస్తే, ఎత్తైన వైపు బోర్డు కర్రల కంటే ముందు కేకు మీద ఆనుతుంది, మళ్లీ కేకే బరువు మోస్తుంది. ఎత్తు కొలత తీసుకుంటే పల్లపు వైపు రెండు మూడు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది, దానిని అదే క్రీముతో అంచు డిజైను వేసి కప్పేయవచ్చు.

కోయడం విషయంలో చాలామంది తొందరపడతారు. మొక్కల కత్తెరతో చెక్క కర్రను కత్తిరిస్తే ఒక వైపు నలిగి, చివర ఏటవాలుగా తెగుతుంది. అటువంటి చివర బోర్డుకు ఒక మొనలా తగులుతుంది తప్ప నిండుగా ఆనదు. అంగుళానికి 24 లేదా 32 పళ్లున్న సన్నని హాక్సా బ్లేడు విజయనగరం గంటస్తంభం దగ్గర ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా ఇస్తారు, దానిని కేకుల పనికి మాత్రమే కేటాయించి, నూనె పోయేలా కడిగి ఆరబెట్టి వాడండి. రంపం నిటారుగా దిగడానికి గాడి కోసి ఉన్న చిన్న చెక్కపెట్టె కూడా అక్కడే దొరుకుతుంది. ఆ పెట్టెలో ఆది కర్ర ఒక చివరను గాడికి సరిగ్గా కలిపి పెట్టి, రెండో చివరకు ఒక చెక్కముక్కను అడ్డంగా బిగించండి. ఆ తరువాత కర్ర తరువాత కర్రను ఆ చెక్కముక్కకు ఆనించి కోసుకుంటూ వెళితే కొలతపట్టీ అవసరం లేకుండానే అన్నీ ఒకే పొడవున వస్తాయి. కోసే చోట ముందుగా కాగితపు టేపు ఒక చుట్టు చుడితే చీలికలు లేవవు.

అన్నీ కోశాక వంటింటి గ్రానైటు గట్టు మీద ఆది కర్రతో కలిపి నిలబెట్టి, పైన ఒక కేకు బోర్డు పెట్టి అరచేతితో నాలుగు వైపులా తట్టి చూడండి. బోర్డు ఎక్కడైనా కదిలితే ఆ వైపు కర్ర పొట్టిదై ఉంటుంది లేదా ఎదుటి వైపుది పొడుగై ఉంటుంది. పొడుగైన దానిని గట్టు మీద పరిచిన గరుకు కాగితం మీద నిలబెట్టి గుండ్రంగా రుద్దితే చివర చదునుగా ఉంటూనే తగ్గుతుంది. పొట్టిదానిని పారేసి ఇంకొకటి కోయడం తప్ప మార్గం లేదు, దాని కింద కాగితం ముక్కలు పెట్టి సరిపెట్టే ప్రయత్నం మాత్రం చేయకండి. చివరగా పొట్టు పోయేలా వేడినీళ్లతో కడిగి ఎండలో బాగా ఆరబెట్టండి. కేకులో తేమకు చెక్క ఉబ్బి పొడవు మారుతుందేమో అని కొందరు భయపడతారు. చెక్క ఉబ్బేది అడ్డంగానే, నిలువు పొడవులో వచ్చే మార్పు పట్టించుకోదగినది కాదు.

మీరు వాడినవి కబాబు పుల్లలని మీరు పంపిన ఫోటోలో కనిపిస్తోంది. మూడు మిల్లీమీటర్ల పుల్ల తల వైశాల్యం ఆరు మిల్లీమీటర్ల కర్ర తలలో నాలుగో వంతు మాత్రమే, కనుక పలుచని అట్ట బోర్డును అది మేకులా పొడుస్తుంది. చాప్‌స్టిక్‌లు ఒక చివర సన్నగా ఉంటాయి కాబట్టి వాటిని కూడా వదిలేయండి. అగరుబత్తి పుల్లలు, ఏ పాలిష్ వేశారో తెలియని హార్డ్‌వేర్ కర్రలు తినే వస్తువులో పెట్టదగినవి కావు. కేకుల సామాను దుకాణంలో దొరికే ఆరు మిల్లీమీటర్ల చెక్క డవెల్ కర్రలు కానీ, ఒకటిన్నర సెంటీమీటరు లావుండే తెల్లని బోలు ప్లాస్టిక్ డవెళ్లు కానీ తీసుకోండి. బోలు గొట్టంలో ఒక సుగుణం ఉంది, అది స్పాంజిని పక్కకు నెట్టకుండా తన లోపలికి తీసుకుంటుంది కాబట్టి కేకు పగుళ్లివ్వదు. దానిని కత్తెరతో నొక్కితే మాత్రం పెళుసుగా పగిలి ముక్కలు ఎగురుతాయి, సన్నని రంపమే వాడాలి, చివర లేచిన ప్లాస్టిక్ పొరను కత్తితో గీకి తీసేయాలి. ఒకప్పుడు లావు ప్లాస్టిక్ స్ట్రాలు వాడేవాళ్లం, అవి కత్తెరతో తెగేవి కనుక ఎంతో సులువుగా ఉండేది. 2022 జులై 1 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధం ఉంది. వాటి బదులు కాగితపు స్ట్రాలు పెట్టాలన్న ఆలోచన వస్తే వెంటనే మానుకోండి. చీపురుపల్లి వెళ్లిన నా రెండంతస్తుల కేకు ఒకటి ఆ స్ట్రాలు తేమకు నాని కూలబడటం వల్లనే అరగంటలో అంగుళం కుంగింది.

సంఖ్య విషయానికి వస్తే, 8 అంగుళాల అంతస్తు కింద ఆరు కర్రలు, 6 అంగుళాల అంతస్తు కింద నాలుగు చాలు. పన్నెండు గుచ్చితే స్పాంజి ముక్కలవుతుంది, కోసి వడ్డించడం నరకమవుతుంది. పై అంతస్తు సైజు ఉన్న ఖాళీ టిన్నును క్రీము మీద సుతారంగా తాకించి గుర్తు తీసుకుని, ఆ గీతకు అంగుళం లోపలగా సమానదూరాల్లో కర్రలు దించండి. కేకు ఫ్రిజ్ చల్లదనంలో ఉండగానే దించాలి, గట్టిపడిన క్రీము కర్రను నిటారుగా పట్టి ఉంచుతుంది. మా ఊరి పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో ఊరేగే సిరిమాను వాలుగా సాగితేనే చూడముచ్చటగా ఉంటుంది కానీ, డవెల్ కర్రకు ఆ వాలు పనికిరాదు. వాలిన కర్ర మీద బరువు పడితే అది ఇంకా వాలుతుంది, వాలిన కొద్దీ దాని తల కిందికి దిగుతుంది, అప్పుడు మీరు ఎంత శ్రద్ధగా ఒకే పొడవున కోసినా ఫలితం ఉండదు. ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కకు వచ్చి ఇంకొకసారి చూస్తూ దించండి. వంకరగా దిగిందనిపిస్తే అదే రంధ్రంలో సర్దకుండా బయటకు తీసి, వేలెడు దూరంలో మళ్లీ దించండి.

కర్ర తల క్రీముతో సమానంగా ఉండాలా, కొంచెం పైకి ఉండాలా అన్నదాని మీద అందరిదీ ఒకే మాట కాదు. విప్డ్ క్రీము కేకులకు సరిగ్గా సమానంగా కోస్తాను, బోర్డు క్రీముకు అంటుకుని జారకుండా ఉంటుంది. గనాష్ (చాక్లెట్, క్రీము కలిపిన పూత) లేదా ఫాండెంట్ (పలుచగా పరిచి కప్పే చక్కెర ముద్ద) ఉన్నవాటికి ఒక మిల్లీమీటరు పైకి ఉంచుతాను, లేకపోతే బోర్డు అంచు ఫాండెంట్ మీద గాటు పెడుతుంది. అప్పుడు బోర్డుకూ కేకుకూ మధ్య పట్టు కోసం కరిగించిన చాక్లెట్ ఒక చెంచా నడుమ వేస్తే సరిపోతుంది. ప్రతి అంతస్తుకు దాని సైజు బోర్డు విడిగా ఉండాలని మీకు తెలిసే ఉంటుంది. అది మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన గట్టి పలక) అయితే మంచిది, బంగారు కాగితం అంటించిన పలుచని అట్ట అయితే రెండు కలిపి అంటించండి.

ఇక ప్రయాణం. శ్రీకాకుళం దారిలో రాజాం నుంచి చిలకపాలెం దాకా ఆ రోడ్డు మీద పేర్చిన కేకుతో వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ఇంటి దగ్గరే రెండు కింది అంతస్తుల్లో కర్రలు దించి, మూడింటినీ మూడు పెట్టెల్లో చల్లగా తీసుకువెళ్లి, ఫంక్షన్ హాల్లో పేర్చడమే క్షేమం. పేర్చే పని ఇరవై నిమిషాలకు మించదు. పేర్చిన కేకే తేవాలని వారు పట్టుబడితే మాత్రం మూడు అంతస్తుల గుండా నడుమన ఒక పొడవాటి కర్ర ఉండాలి. దాని పొడవు మొత్తం ఎత్తు కంటే అంగుళంన్నర తక్కువ కోయండి, పదమూడున్నర అంగుళాల కేకుకు పన్నెండు అంగుళాల కర్ర. మొన చెక్కవలసింది ఈ ఒక్క కర్రకే, కొత్త పెన్సిల్ చెక్కుడుతో చెక్కవచ్చు. అట్ట బోర్డులను అది చీల్చుకుపోతుంది కానీ ఎండీఎఫ్‌ను చీల్చలేదు, కనుక పై రెండు బోర్డులకు కేకు పెట్టకముందే కర్ర కంటే కాస్త వెడల్పుగా నడుమ రంధ్రం వేయించుకోవాలి. ఈ కర్ర బరువు మోయదు, అంతస్తులు పక్కకు జారకుండా మాత్రమే ఆపుతుంది, అందువల్ల ఇది పెట్టామని చుట్టూ ఉన్న కర్రలు తగ్గించకూడదు.

హాల్లో వారు చూపించే బల్లను కూడా నమ్మకండి. గుడ్డ కప్పిన మడత బల్లలకు తరచుగా ఒక కాలు పొట్టిగా ఉంటుంది. కేకు పెట్టకముందే రసమట్టం పెట్టి చూసి, అడుగు బోర్డు కింద మడిచిన అట్టముక్క పెట్టి మట్టం సరిచేసుకోండి, కేకు కూర్చున్నాక ఎత్తి సర్దడం ప్రమాదం. ఏసీ లేకపోతే ఫ్యానుకు ఎదురుగా కాకుండా, దీపాలకు దూరంగా బల్లను జరిపించండి.

చివరిగా, ఒక కాగితం మీద ‘అడుగు అంతస్తులో ఆరు కర్రలు, నడిమి అంతస్తులో నాలుగు, మొత్తం పది’ అని రాసి వడ్డించేవారి చేతికి ఇవ్వండి, నడిమి నిలువు కర్ర ఉంటే దానినీ కలిపి రాయండి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫోటో కోసం కోసేది పై అంతస్తునే కోయమని ముందే చెప్పండి. ఒక రిసెప్షన్‌లో వారు అడుగు అంతస్తులో కత్తి దించి, అది కర్రకు తగిలి ఆగిపోతే, కేకు గడ్డకట్టిందని బంధువులంతా నవ్వారు. వడ్డించేవారు అంతస్తును విడదీయగానే కర్రలు లెక్కపెట్టి తీసి, ఆ కాగితం మీద టిక్కు పెట్టి, తరువాతే కత్తి పట్టాలి. పిల్లల ప్లేట్లలోకి వెళ్లేది ఆ కేకే కనుక, పదో కర్ర దొరికేదాకా నేను హాలు విడిచి రాను.